గోమారియు శాసనమును

గ్రామపెద్దలారా! నేటి ప్రసంగము మిక్కిలి చిన్నదగు నొక ప్రాణిని గూర్చినది. ఎద్దు గంగడోలు మడతలలోను, ఆవు పొదుగు ప్రక్కను, తోక మొదటను, చెవి లోపలను పట్టుకొని రక్తము త్రాగి ఆముదపుగింజవలె ఉబ్బెడు గోమారిని మీరందఱు నెఱుగుదురు. కొన్నియూళ్ళలో దీనినే పిడుదు అందురు. పాలు పిదుకునపుడు కనబడినచో గోటితో ఊడబెఱికి నిప్పులో వేయుటయే గాని, దీనిని గూర్చి దీర్ఘముగా ఆలోచించుట మనకు అలవాటు లేదు. అయినను ఈ పురుగును రూపుమాపుటకై కొన్ని దేశముల ప్రభుత్వములు శాసనములు చేసినవి, అధికారులను నియమించినవి, అపారమైన ధనమును వ్యయపఱచినవి. ఆ శాసనములను అమలుజరుపుటలో మనుష్యుల ప్రాణములు సైతము పోయినవి. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అట్టి నిర్బంధశాసన మేదియు నడచినది లేదు. అక్కడ అది యేల పుట్టెను? ఇక్కడ ఏల పుట్టలేదు? ఇకమీద మన కర్తవ్యమేమి? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర యేమి సమాధానము చెప్పునో కొంచెము విచారింతము.

మొదట ఈ పురుగు జీవితమును తెలిసికొనవలెను. శాసనముల మర్మమంతయు అందులోనే యున్నది. మన పశువులను సాధారణముగా పట్టు గోమారి కడుపార రక్తము త్రాగిన పిదప నేలమీదికి రాలి, గోడనెఱ్ఱెలలోనో గడ్డిమొదళ్ళలోనో దాగి, రెండుమూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు ఆవగింజకంటె చిన్నవి. అవి గడ్డిపోచల కొనలకు ప్రాకి, దారిన పోవు పశువు కొఱకు కాచుకొని యుండును. ఆహారము దొరకకున్నను నెలల తరబడి బ్రదుకగలవు. ఒకసారి పశువు నెక్కిన తరువాత దాదాపు మూడువారములు ఆ పశువుమీదనే యుండి, రెండుసార్లు కుబుసము విడిచి, పెరిగి, మరల నేల రాలును. కాబట్టి పశువుమీద మన కంటికి కనబడు గోమారులు కొన్ని. నేలలోను గడ్డిలోను కనబడనివి లెక్కకు మించినవి. ఒకడు తన కొట్టమును అద్దమువలె ఉంచుకొన్నను, ఊరుమ్మడి బీటిలో పొరుగువాని పశువు రాల్చిన పిల్లలు వాని యావును పట్టకమానవు. ఇది ఒక్క ఇంటి వ్యవహారము కాక ఊరి వ్యవహారమగుటకు కారణ మిదియే.

రక్తము పీల్చుట మాత్రమే యైనచో ప్రభుత్వముల కింత శ్రమ యుండదు. గోమారి కాటుతోడ కంటి కగపడని సూక్ష్మజీవులు పశువు నెత్తుటిలో ప్రవేశించును. వానిలో బెబీసియా యనునది రక్తకణములను పగులగొట్టును. అప్పుడు పశువునకు తీవ్రమగు జ్వరము వచ్చును, మేత విడుచును, మూత్రము కాఫీ కషాయమువలె ఎఱ్ఱబడును. మన రైతులు ఎఱ్ఱమూత్రపు జబ్బు అనునది చాలవఱకు ఇదియే. వేఱొక జాతి గోమారి మూలమున వచ్చు థైలీరియా యను జబ్బులో మెడక్రింది బిళ్ళలు వాచి, జ్వరము విడువక, పశువు పాలిపోయి కూలును.

ఈ రహస్యము బయల్పడినది అమెరికాలో. అక్కడ 19వ శతాబ్ది నడుమ, దక్షిణమున టెక్సస్ ప్రాంతపు పశువుల మందలను ఉత్తరదేశపు సంతలకు కాలినడకను తోలుకొనిపోవుచుండిరి. ఆ మందలు చూపునకు ఆరోగ్యముగానే యుండెను. కాని అవి నడచిన దారిలో మేసిన ఉత్తరపు పశువులు కొలది వారములలో జ్వరము తగిలి గుంపులుగా చచ్చుచుండెను. తెచ్చిన పశువు చావదు. ఉన్న పశువు చచ్చును. ఇది యేమి మాయయో తెలియక ఉత్తరపు రైతులు తుపాకులు చేబట్టి టెక్సస్ మందల నడ్డగించిరి. మిస్సోరీ, కాన్సస్ రాష్ట్రములు ఆ మందలను రానీయకుండ శాసనములు చేసినవి. 1884లో ఆ దేశపు కేంద్రప్రభుత్వము పశువ్యాధుల నరికట్టుటకు ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పెను. ఆ శాఖలోని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు కొన్ని యేండ్లు పొలములో పశువులను కట్టి ప్రయోగములు చేసి, గోమారి లేనిదే ఆ జ్వరము అంటదని 1893లో ప్రకటించిరి. పశువులు తిరుగు పల్లెల రైతులు అంతకు పూర్వమే గోమారిని అనుమానించిరి. పండితులు వారి మాటను నవ్వి త్రోసివేసిరి. తుదకు రైతుమాటయే నిజమయ్యెను. దోమ మూలమున మలేరియా వ్యాపించునని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది దీనికి నాలుగేండ్ల తరువాత, 1897లో.

కారణము తెలిసిన పిదప ఉపాయము దొరికెను. 1906లో అమెరికా ప్రభుత్వము రాష్ట్రములతో కలిసి గోమారి నిర్మూలనకు పూనుకొనెను. సుమారు 7 లక్షల చదరపు మైళ్ళ భూమి ఆ పనికి లోబడినది. ఊరూర సిమెంటుతో పొడవైన గుంటలు కట్టించి, పాషాణము కలిపిన నీరు నింపి, ప్రతి పశువును అందులో ఈదించి ఒడ్డునకు ఎక్కించుట ఆ పద్ధతి. ఇట్లు రెండువారముల కొకసారి చేయవలెనని శాసించిరి. గోమారి పశువుమీద మూడువారములు ఉండుననియు, అంతలోపలనే దానిని చంపినచో గ్రుడ్లు పెట్టు నవకాశము ఉండదనియు లెక్క. అట్లు కొన్ని నెలలు విడువక చేసిన, నేలలోని పిల్లలకు ఎక్కుటకు పశువు దొరికియు బ్రదుకు దొరకదు. స్నానము చేయింపని పశువును జిల్లా సరిహద్దు దాటనిచ్చెడివారు కారు; ఆజ్ఞ మీఱినవానికి జుల్మానా వేసెడివారు.

లెక్క సరియైనదే. కాని లెక్కలో మనుష్యుడు చేరలేదు. పెద్ద మందలు గల కామందులకు ఉత్తరపు సంతలు తెఱచుకొనుటచే లాభము కలిగెను. నాలుగైదు పశువులు గల చిన్న రైతుకో, అడవిలో విడిచిన పశువులను రెండువారముల కొకసారి వెదకి పట్టి మైళ్ళదూరము తోలుకొనిపోవుట దండుగ పని యయ్యెను. వాని పశువులు పుట్టినప్పటినుండి ఆ జ్వరమునకు అలవాటుపడినవి. అవి చచ్చుట వాడు చూచినది లేదు. చావని పశువును పాషాణములో ముంచుమనుట వానికి అన్యాయముగా తోచెను. అందువలన జార్జియా, మిసిసిపీ, ఆర్కాన్సాస్ మొదలగు రాష్ట్రములలో రాత్రివేళ స్నానపుగుంటలను మందుగుండుతో పేల్చివేసిరి. 1922లో ఆర్కాన్సాస్‌లో పర్యవేక్షకుడొకడు కాల్చి చంపబడెను. ఎట్టకేలకు 1943లో, మెక్సికో సరిహద్దున రియో గ్రాండే నదివెంబడి నున్న ఒక సన్నని పట్టీ తప్ప, దేశమంతటను ఆ గోమారి నిర్మూలమైనదని ప్రకటించిరి. ఆ పట్టీలో గుఱ్ఱములపై తిరుగు కావలివారు నేటికిని నది దాటివచ్చు పశువులను పట్టి పరీక్షించుచునే యున్నారు. కార్యము సఫలమే, కాని దానికి 37 ఏండ్లు పట్టెను. చిన్న రైతు కష్టమును ముందుగా తలపోసి యుండినచో ఇంత వైరము పుట్టియుండదని తరువాతి చరిత్రకారులు వ్రాసిరి.

ఇక మన సీమకు వత్తము. 1904లో గుంటూరు మండల మేర్పడినపుడు తెనాలి, రేపల్లె, బాపట్ల, ఒంగోలు అన్నియు అందులోనివే. 1970లో ఒంగోలు వేఱు జిల్లాకు పోయెను. 2022లో బాపట్ల జిల్లా యేర్పడగా రేపల్లె అందులో చేరెను. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. గీతలు మాఱినను పశువుల దృష్టిలో ఇది యంతయు ఒక్కటే సీమ. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట ముగిసి కాలువలు పాఱగా, తెనాలి రేపల్లె భూములు వరిచేలైనవి, బీళ్ళు తఱిగినవి, పశువులకు ఎండుగడ్డియే ముఖ్యమైన మేతయైనది. పడమట మెట్టభూములలో జొన్నచొప్పయు బీడును ఉండుటచే అక్కడ మేలుజాతి కోడెలు పెరిగెడివి. పల్లపు రైతు దుక్కికి, బండికి మెట్టసీమ ఎద్దును కొని తెచ్చుకొనెడివాడు. ఇట్లు పశువులు సంతలగుండ ఏటేట ఊరినుండి యూరికి, మెట్టనుండి పల్లమునకు సాగుచునే యుండెను. వానితో గోమారియు సాగెను. అయినను టెక్సస్ జ్వరమువలె మందలకు మందలు కూలిన కథ మన సీమలో వినబడదు. ఏల?

దీనికి కారణములు రెండు. మొదటిది, మన దూడలు పుట్టిన కొలదినాళ్ళకే గోమారి కాటు తినును. పసితనమున ఈ జబ్బు దూడను అంతగా బాధింపదు, వచ్చి పోవును. పోయినను సూక్ష్మజీవి కొంత రక్తములో దాగియుండి, మరల వచ్చు జబ్బును తట్టుకొను శక్తి నిచ్చును. టెక్సస్ మందలు తాము చావక ఇతరులను చంపుటకు హేతు విదియే. రెండవది, మూపురము గల మన జాతుల శరీరనిర్మాణమే గోమారికి అనుకూలమైనది కాదు. ఒంగోలు గిత్త నున్నని పొట్టివెండ్రుకలు, తఱచు వణకించు వదులుచర్మము, ఒంటిని నాకుకొను అలవాటు, కాటుపడినచోట చర్మము చూపు ప్రతిక్రియ, ఇవి యన్నియు కలిసి నూటికి తొంబది పిల్లగోమారులను నిలువనీయవు. ఇది యొకనాటి వరము కాదు. తట్టుకొనలేని పశువు సంతతి నశింప, తట్టుకొన్న పశువును రైతు ఏఱి కోడెగా నిలిపి, తరతరములుగా చేసిన సాధనాఫలము. అమెరికాలో శాసనము చేయబూనిన పనిలో కొంతభాగమును మన సీమలో రైతు కన్నును కాలమును కలిసి చేసినవి.

ఈ సంగతిని మనకంటె ముందు విదేశీయులే లెక్కకట్టిరి. గోమారి నిర్మూలన మారంభమైన 1906వ సంవత్సరముననే టెక్సస్ నుండి బోర్డెన్ అను పశువుల కామందు మన దేశమునకు వచ్చి మూపురపు పశువులను ఓడకెక్కించుకొని పోయెను. న్యూయార్కు రేవుచెంత ఒక దీవిలో వానిని నిర్బంధమున నుంచగా కొన్నింటిలో సుర్రా యను జబ్బు కనబడి చాల పశువులు నష్టమైనవి. మిగిలినవి టెక్సస్ చేరినవి. మన దేశపు నానాజాతుల కలయికతో అక్కడ బ్రాహ్మన్ అను క్రొత్త జాతి పుట్టినది. అందులో ఒంగోలు రక్తమును కలదు. డచ్చివారు మన జాతిని జావా, సుంబా దీవులకు తీసికొనిపోయిరి. బ్రెజిలు దేశములో మన ఒంగోలు పశువునకు నెల్లూరు పేరిట నెలోర్ అని నామకరణము జరిగి, నేడు అక్కడి మాంసపు మందలలో అధికభాగము ఆ జాతిదే యై యున్నది. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామపు పేరుతో 1960 తరువాతి యేండ్లలో బ్రెజిలు చేరిన గిత్త యొకటి అక్కడ వేలకొలది సంతతికి మూలపురుషుడయ్యెను. ఎండను, గోమారిని ఓర్చు గుణముకొఱకే వారు మన పశువును కోరిరి.

అయితే, పశువు ఓడయెక్కినపుడు దానితో మఱి యేమేమి ఎక్కునో చూడనివారికి తగిన శాస్తియు జరిగెను. 1920లో మన దేశమునుండి బ్రెజిలునకు పోవు మూపురపు పశువులు బెల్జియములోని ఆంట్వెర్పు రేవున దిగగా, వానినుండి ముసర జాడ్యము అక్కడి పశువులకు అంటుకొనెను. మఱుసటి యేడు బ్రెజిలులోను అది పొడసూపెను. యూరపు భయపడెను. ఆ భయమునుండియే 1924 జనవరి 25న పారిసులో 28 దేశములు కూడి పశువ్యాధుల అంతర్జాతీయకార్యాలయమును నెలకొల్పినవి. ఒక దేశములోని పశురోగమును దాచక తక్కిన దేశములకు తెలుపవలెనను నియమము అక్కడ స్థిరపడెను.

మన దొరతనమువారికి గోమారిని గూర్చి ఆలోచించు తీరికయే లేకపోయెను. అందులకు కారణము ఆ ముసర జాడ్యమే. పెద్దరోగ మన్నను అదియే. అది వచ్చిన యేట ఊరిలో దుక్కి సాగెడిది కాదు. 1865లో ఇంగ్లండులో అది ప్రబలగా 1866లో అక్కడ శాసనము చేసిరి. అదే 1866లో చెన్నరాజధానిలోను పశువుల అంటువ్యాధులను నిరోధించు శాసనము పుట్టెను. హాలెన్ అధ్యక్షతను నియమింపబడిన పశుమారి విచారణసంఘము 1871లో తన నివేదికను ఒసగెను. 1889లో పూనాలో ప్రయోగశాల స్థాపింపబడి, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు మాఱెను. 1903లో చెన్నపట్టణమున పశువైద్యకళాశాల వెలసెను. 1940లో చెన్నరాష్ట్రము ముసర జాడ్యమునకే ప్రత్యేకముగా శాసనము చేసెను. ఊరిలో పశువులకు తెగులు తగిలినచో పైవారికి తెలియజేయు భారము గ్రామమునసబుది. కాగితముమీది శాసనమునకు కన్నును కాలును గ్రామాధికారియే.

ఇక్కడ గోమారి కథ ముసర కథలో చిత్రముగా కలియును. మొదటి దినములలో ముసర రాకుండుటకు, జబ్బుపడిన పశువు రక్తమును ఒక ప్రక్కను, రక్షకద్రవమును ఇంకొక ప్రక్కను ఒక్కమాఱే ఎక్కించెడివారు. ముసరనుండి పశువు తప్పించుకొనెడిది. కాని ఆ యెక్కించిన రక్తములో గోమారి మూలమున చేరి దాగియున్న సూక్ష్మజీవులును దానితో పోయెడివి. కొన్నియెడల పశువు రక్తములోనే నిద్రించుచున్న ఎఱ్ఱమూత్రపు జబ్బు ఈ సూదితో మేలుకొనెడిది. రైతు చూచునది ఒక్కటే: సూది వేయకముందు పశువు నిలిచియుండెను, వేసిన పిదప పడిపోయెను. ఇక మఱునాడు సూది పట్టుకొని వచ్చిన యుద్యోగిని ఊరు నమ్ముట ఎట్లు? ముక్తేశ్వరములో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు 1920 తరువాతి యేండ్లలో ఆ ముసర విషమును మేకలగుండ వరుసగా నడిపించెను. ఆవు నెత్తుటి సూక్ష్మజీవులు మేకలో నిలువవు. ముసర విషమును మేకలో సాగుకొలది ఆవులకు సౌమ్యమయ్యెను. అట్లు పుట్టిన మేకటీకా చవుకైనది, ఒక్క సూదితో సరిపోవునది. రైతు భయమునకు కారణమును తొలగించిన తరువాతనే శాసనమునకు బలము కలిగెను.

స్వాతంత్ర్యానంతరము 1954లో దేశవ్యాప్తముగా ముసర నిర్మూలనోద్యమము సాగెను. ఐదేండ్లలో నూటికి 80 పశువులకు టీకా వేయవలెనని సంకల్పించిరి. అది అనుకొన్న గడువునకు ముగియలేదు. పలుమాఱులు మరల పూనుకొనవలసి వచ్చెను. మన దేశములో తుది ముసర 1995లో కనబడెను. 2006లో దేశము దానినుండి విముక్తమైనదని గుర్తింపబడెను. 2011లో ప్రపంచమునందే ఆ జాడ్యము లేదని ప్రకటించిరి. మనుష్యుడు భూమిమీదినుండి తుడిచివేసిన పశురోగములలో ఇది మొదటిది. ఈ విజయములో మన పల్లెల కొట్టములకును భాగము కలదు. అమెరికా స్నానపుగుంటలకును మన టీకాకును ఒక భేద మున్నది. అక్కడి రైతునకు కన్నులయెదుట కనబడు నష్టము స్నానమే, లాభము దూరమున నుండెను. ఇక్కడి రైతు ముసర చేసిన చేటును కన్నులార చూచినవాడు. టీకా వేసిన పశువు నిలుచుటయు చూచెను. కాబట్టి ఇక్కడ తుపాకి యక్కఱలేకపోయెను.

ఇక ప్రస్తుతస్థితి. గోమారికిని మన పశువునకును తరతరములుగా నడచిన సంధి నేడు సడలినది. 1970లో పాలవెల్లువ పథకము ఆరంభమైన తరువాత పాలకేంద్రములు వెలసినవి. తెనాలి చెంత వడ్లమూడిలోను పాలసంఘము నెలకొనెను. ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరమును తగ్గించెను. మన సీమలో పాడికి గేదెయే ప్రధానమైనను, జెర్సీ, హోల్‌స్టీన్ రక్తము కలిసిన సంకరపు ఆవులును ఇండ్లకు వచ్చినవి. వాని పాలు ఎక్కువ; గోమారి నోర్చు శక్తి తక్కువ. దేశవాళి ఆవు పట్టించుకొనని థైలీరియా ఈ యావును పదిదినములలో పడగొట్టగలదు. అప్పుచేసి ఒక్క యావును కొన్న యింటికి అది పడిపోవుట మందకు మంద పోవుటతో సమానము. ప్రక్కకొట్టములో గోమారులు పట్టియు నిబ్బరముగా నెమరువేయు దేశవాళి ఎద్దే ఆ జబ్బునకు నిలయము కావచ్చును. నాటి టెక్సస్ మందయు ఉత్తరపు మందయు నేడు మన యూరిలో ఒక్క గోడకు అటునిటు కట్టబడియున్నవి.

దీనికి శాసనము లేదా యన్నచో, కలదు. 2009లో భారతప్రభుత్వము పశువుల అంటువ్యాధుల నివారణ నియంత్రణ శాసనమును చేసెను. అందలి వ్యాధుల పట్టికలో గోమారి మూలమున వచ్చు బెబీసియా, థైలీరియా జబ్బులును చేర్చబడినవి. పట్టికలోని జబ్బు తగిలినదని అనుమానము కలిగినపుడు పశువు యజమాని గాని, దాని సంరక్షణభారము గల మఱియెవరు గాని గ్రామాధికారికో పంచాయతీ బాధ్యునికో తెలియజేయవలెననియు, వారు సమీపపు పశువైద్యునికి వ్రాయవచ్చుననియు అందు కలదు. కాని మునసబు కరణముల పదవులు 1984లోనే మన రాష్ట్రమున రద్దయినవి. 2019లో నెలకొల్పబడిన గ్రామసచివాలయములలో పశుసంవర్ధక సహాయకులు నియమింపబడిరి. అయినను పూర్వము ఊరి పశువులన్నింటిని పేరుపేరున ఎఱిగిన పెద్దమనుష్యుడు చేసిన పనిని ఒక్క యుద్యోగి చేయుట దుర్ఘటము. చెప్పువారు లేనిదే శాసనము వినలేదు.

మందులున్నవి గదా యని కొందఱందురు. ఉన్నవి. థైలీరియాకు టీకాయు కలదు. సకాలమున వైద్యుడు వచ్చిన ఔషధమును కలదు. గోమారిని చంపు పిచికారిమందులు అంగడిలో దొరకును. కాని వానిని పలుచగా కలిపి, తోచినపుడు ఒక్కొక్క యింట చల్లుటచే చావని గోమారులు మిగిలి, వాని సంతతి ఆ మందునకు లొంగకుండ పోవుచున్నది. ఇట్టి గోమారులు మన దేశములో పలుచోట్ల కనబడినట్లు పరిశోధకులు వ్రాసిరి. ఇంకొక అపాయము గలదు. ఈ మందులలో కొన్ని చేపలకు పరమవిషము. పిచికారిని కాలువలో కడిగినచో, తెనాలి కాలువనుండి రేపల్లె చేపలచెఱువు వఱకు ఆ పాపము ప్రవహించును.

కాబట్టి చరిత్ర మనకు బోధించునది యిది. గోమారి విషయమున ఒంటరి శ్రద్ధ చాలదు. ఒంటరి శాసనమును చాలదు. ఊరంతయు ఒక్క దినమున పూనుకొన్నగాని ఫలము లేదు. ఆ పూనిక బలవంతమున రాదు. ఆ దినము నేర్పఱచుట అధికారికంటె గ్రామపెద్దలకే సులభము. పశువైద్యుని సలహాతో ఒకే మందును ఒకే కొలతతో ఒకేనాడు అన్ని కొట్టములలో వాడించుడు. ఆయన చెప్పిన గడువున మరల చేయించుడు. మందు వాడిన పశువు పాలు ఎన్నినాళ్ళు విడువవలెనో ఆయననే అడుగుడు. గోడనెఱ్ఱెలు పూడ్పించి సున్నము కొట్టించుడు. పెంటను కొట్టమునకు దూరముగా వేయించుడు. సంతనుండి వచ్చిన క్రొత్త పశువును కొన్నివారములు వేఱుగా కట్టి, చెవులు, పొదుగు, తోకమొదలు చూచిన పిదపనే మందలో కలుపనిండు. ఎఱ్ఱమూత్రము గాని, మెడబిళ్ళల వాపు గాని కనబడిన, దాచక ఆ పూటనే తెలియజేయుడు. ఆవు లేని యింటికి ఈ వ్యయము భారము కాదు. ఒక్క యావున్న బీదయింటికి భారమగును. ఆ యింటి భాగమును ఊరు పంచుకొనవలెను. అమెరికాలో మఱచిన దిదియే.

ఇంకొక మాట. దేశవాళి పశువు పాలు తక్కువయని దానిని పూర్తిగా విడిచిపెట్టుట తగదు. గుంటూరు చెంత లాంలోని పశుపరిశోధనస్థానమువారు ఒంగోలు జాతిని కాపాడుటకు కృషి చేయుచున్నారు. సముద్రములు దాటి వచ్చి ధనముపోసి కొనుక్కొనిపోయిన గుణము మన కొట్టమునుండి తొలగిపోయిన పిదప దానిని మరల తెచ్చుకొనవలెనన్న, తరతరముల కాలము పట్టును. ఊరికొక మేలైన ఒంగోలు కోడెను నిలుపుట మన పూర్వుల ఆచారము. గోమారిని ఓర్చు నాలుగు దేశవాళి ఆవులును, వాని సంతతిని నిలుపు ఒక కోడెయు ప్రతి గ్రామమున ఉండునట్లు చూచుట నేటికిని మీ చేతిలోని పనియే. సెలవు.